ఇన్‌స్టాలర్‌లో ఎస్‌ఎస్‌డీ కనిపించకపోతే

ఉబుంటు 24.04 (లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) ఇన్‌స్టాలర్‌లో పెన్‌డ్రైవ్ ఒక్కటే కనిపిస్తోందని, విండోస్ ఉన్న ఎస్‌ఎస్‌డీ (ల్యాప్‌టాప్ లోపలి డిస్క్) జాడే లేదని రాశారు కదా. టెన్షన్ పడకండి, డిస్క్ పాడవలేదు, విండోస్ దాన్ని మామూలుగా చదువుతోందిగా. ఇంటెల్ ల్యాప్‌టాప్ అన్నారు కాబట్టి, బయోస్‌లో (ల్యాప్‌టాప్ ఆన్ కాగానే, విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగ్స్‌లో) స్టోరేజ్ మోడ్ ఆర్‌ఎస్‌టీలో, అంటే డిస్క్‌ను నడిపే ఇంటెల్ సొంత పద్ధతిలో ఉండి ఉంటుంది, అందుకే ఇన్‌స్టాలర్‌కు డిస్క్ కనిపించడం లేదు. దాన్ని ఏహెచ్‌సీఐకి (అన్ని సిస్టమ్‌లకూ తెలిసిన మామూలు పద్ధతికి) మార్చాలి. కొన్ని మోడళ్లలో ఇదే సెట్టింగ్ వీఎండీ పేరుతో ఉంటుంది, దాన్ని ఆపేయాలి.

అయితే నేరుగా వెళ్లి మార్చేయకండి, విండోస్ బూట్ అవ్వక నీలం తెర వస్తుంది. ముందు బిట్‌లాకర్ (డిస్క్‌కు విండోస్ వేసే తాళం) రికవరీ కీ ఎక్కడైనా రాసి పెట్టుకోండి. ఇది మాత్రం వదలొద్దు, బయోస్ మారగానే విండోస్ ఆ కీ అడగొచ్చు. అకౌంట్ పాస్‌వర్డ్ కూడా గుర్తుండాలి, తర్వాత వాడబోయే సేఫ్ మోడ్‌లో (అత్యవసరమైన డ్రైవర్లతోనే విండోస్ నడిచే పద్ధతి) పిన్ పనిచేయకపోవచ్చు.

తర్వాత విండోస్‌లో సిస్టమ్ కాన్ఫిగరేషన్ తెరిచి, బూట్ ట్యాబ్‌లో సేఫ్ బూట్ టిక్ పెట్టి రీస్టార్ట్ చేయండి. విండోస్ మొదలయ్యేలోపే బయోస్‌లోకి వెళ్లి మోడ్ మార్చి సేవ్ చేయండి. సేఫ్ మోడ్‌లో విండోస్ కొత్త డ్రైవర్‌ను తనే ఎక్కించుకుంటుంది. ఆ టిక్ తీసేసి మళ్లీ రీస్టార్ట్ చేసి, విండోస్ మామూలుగా వస్తోందో లేదో చూసుకున్నాకే ఉబుంటు పెన్‌డ్రైవ్ పెట్టండి.

రెండు డిస్కులు కలిపి రెయిడ్‌గా (ఒకే డిస్క్‌లా) వాడుతుంటే మాత్రం ఇవేవీ చేయకండి, ముందు ఆ సంగతి ఇక్కడ చెప్పండి.