కారవాన్‌లో గ్యాస్ బండ: చలికి ఏది, బిగింపు ఎలా?

ప్రశ్న: మేము ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో ఉంటున్నాం. 2008లో తయారైన టూరింగ్ కారవాన్‌ను (కారు వెనుక తగిలించి లాక్కెళ్లే ఇల్లులాంటి బండిని) ఈ మధ్య ఒకరి దగ్గర పాతది కొన్నాం. దానితోపాటు నీలం రంగు గ్యాస్ బండ ఒకటి ఇచ్చారు. డిసెంబరు సెలవుల్లో పిల్లలతో స్కాట్లండ్ కొండలకు వెళ్లాలని ఉంది. ఇంటి ముందు స్టవ్ వెలిగించి చూస్తే మధ్యాహ్నం మంట బాగానే వస్తోంది, తెల్లవారుజామున మాత్రం నీరసించి ఆరిపోతోంది. బండ బరువుగానే ఉంది. రెగ్యులేటరు పాడైందేమో! వచ్చే నెల ఇండియా నుంచి వస్తున్న మా నాన్నగారితో కొత్త రెగ్యులేటరు, గొట్టం తెప్పించుకోవచ్చా?

జవాబు: తెప్పించుకోవద్దు. మీరు చెప్పినదాన్ని బట్టి రెగ్యులేటరులో లోపం ఉన్నట్లు లేదు. చలికి బ్యూటేన్ ఇలాగే చేస్తుంది. బ్రిటన్‌లో కేలర్ కంపెనీ నీలం బండలో బ్యూటేన్, ఎర్ర బండలో ప్రొపేన్ నింపుతుంది. రెండూ బండలో ద్రవంగానే ఉంటాయి, ఆ ద్రవం ఆవిరైతేనే మంటకు గ్యాస్ అందుతుంది. బ్యూటేన్ సుమారు సున్నా డిగ్రీల దగ్గర ఆవిరి కావడం మానేస్తుంది. ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల వరకు ఆవిరవుతూనే ఉంటుంది. పైగా ఆవిరయ్యే ద్రవం తన చుట్టూ ఉన్న వేడిని లాగేసుకుంటుంది కాబట్టి, బయట నాలుగైదు డిగ్రీలు ఉన్నప్పుడు కూడా బండ లోపల అంతకంటే చల్లబడి మంట తగ్గిపోతుంది. స్టవ్ పావుగంట మండాక బండ కింది సగాన్ని చేత్తో తాకి చూడండి: ద్రవం ఉన్నంత ఎత్తువరకు తడిగా, చల్లగా తగులుతుంది. అది కనిపిస్తే గ్యాస్ ఉందన్నమాట, ఆవిరే చాలడం లేదు.

అందుకని మీరు ఎర్ర బండకు మారండి. 6 కిలోల ప్రొపేన్ బండ మీ అవసరానికి సరిపోతుంది. వేసవిలో నీలం బండ వాడినా తప్పు లేదు గానీ, రెండు రకాలు మార్చుకుంటూ పోవడం కంటే ఏడాది పొడవునా ప్రొపేన్ ఉంచుకోవడమే మేలని నా అభిప్రాయం. వంటలో మీకు తేడా తెలియదు. ఎంత గ్యాస్ మిగిలిందో చూడటం మన ఊళ్లో లాగే: బండను తూకం వేసి, దాని మీద ముద్రించిన ఖాళీ బరువును తీసేయండి.

ఇక ఇండియా రెగ్యులేటరు సంగతి. మన ఇంటి 14.2 కిలోల బండ వాల్వు 22 మిల్లీమీటర్లది, మీ దగ్గరున్న నీలం బండ 7 కిలోలదైతే దాని వాల్వు 21 మిల్లీమీటర్లది. చూపుకు రెండూ ఒకేలా ఉంటాయి, నొక్కితే కూర్చున్నట్లే అనిపిస్తుంది, ప్రమాదమంతా అక్కడే ఉంది. ఎర్ర బండకైతే మర తిప్పి బిగించే మరో రకం వాల్వు ఉంటుంది. అసలు మీకు కొత్త రెగ్యులేటరు అవసరమే రాకపోవచ్చు: 2003 తర్వాతి కారవాన్లలో చాలావాటికి రెగ్యులేటరు గ్యాస్ పెట్టె (బండను ఉంచే అర) గోడకే బిగించి, 30 మిల్లీబార్ల పీడనంతో రెండు గ్యాసులకూ పనికివచ్చేలా ఉంటుంది. మీ దాని మీద 30 అనే అంకె ఉందో లేదో చూసుకోండి. ఉంటే మారాల్సింది గొట్టం ఒక్కటే. గొట్టం విషయంలో మాత్రం రాజీ పడకండి. మన వంటింట్లో నారింజ రంగు గొట్టం రెగ్యులేటరు తర్వాత ఉంటుంది, అందులో ఒత్తిడి చాలా తక్కువ. మీ కారవాన్‌లో గొట్టం రెగ్యులేటరుకు ముందే ఉంటుంది కాబట్టి, బండలోని పూర్తి ఒత్తిడిని, అంటే 20 డిగ్రీల దగ్గర సుమారు 7 బార్లను, అదే మోయాలి. మన గొట్టం మోసే దానికి అది రెండు వందల రెట్లకు పైమాటే. ప్రొపేన్ కోసమే తయారైన అధిక పీడన గొట్టాన్ని అక్కడే కొని, దాని మీది తయారీ తేదీ చూడండి. ఐదేళ్లు దాటిన రబ్బరు గొట్టాన్ని నేనైతే ఉంచను.

బిగించేటప్పుడు చుట్టుపక్కల ఎక్కడా నిప్పు ఉండకూడదు. ఎర్ర బండ మర ఎడమ మర, అంటే గడియారం ముళ్లకు ఎదురు దిశలో తిప్పితే బిగుస్తుంది; అలవాటుగా కుడివైపు తిప్పి, ఎంతకీ పట్టడం లేదని బలం పెడితే మర చెడిపోతుంది. నట్టు అంచుల మీద చిన్న గాట్లు ఉంటే అది ఎడమ మర అనడానికి గుర్తు. ముందు చేత్తోనే పట్టించండి. చేతిపిడి ఉన్నదైతే చేతి బలం చాలు, నట్టు ఉన్నదైతే స్పానరుతో బిగించాలి. టేపు, జిగురు ఏవీ చుట్టవద్దు. గొట్టం బండ నుంచి రెగ్యులేటరు దాకా పైకే ఎక్కుతూ పోవాలి. మధ్యలో వేలాడితే జిడ్డు ద్రవం పేరుకుని రెగ్యులేటరులోకి చేరుతుంది. తర్వాత వాల్వును మెల్లగా తెరిచి, లీకు చూసే ద్రావణాన్ని బిగింపు చుట్టూ రాయండి. సన్నని నురగ ఒక్కచోట ఆగకుండా పొంగుతూ ఉంటే వాల్వు మూసి మళ్లీ బిగించండి. అగ్గిపుల్లతో ఎన్నడూ చూడకండి.

బండ నిటారుగా, పట్టీతో కదలకుండా ఉండాలి. గ్యాస్ పెట్టె అడుగున ఉండే రంధ్రాలను ఎన్నడూ మూయకండి. గ్యాస్ గాలి కంటే బరువైనది, ప్రొపేన్ ఒకటిన్నర రెట్లు, బ్యూటేన్ రెండు రెట్లు. లీకైనది కిందికి జారి ఆ రంధ్రాల గుండానే బయటికి పోవాలి. నేను చూసిన ఒక కారవాన్‌లో డేరా గుడ్డను మడతపెట్టి సరిగ్గా వాటి మీదే సర్దారు. లోపలికి చలిగాలి వస్తోందని నేల మీది రంధ్రాలకు గుడ్డలు కుక్కేవారు కూడా ఉన్నారు. ప్రయాణంలో వాల్వు మూసే ఉంచండి. పాత బండి గనుక, బయలుదేరే ముందు గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో (బ్రిటన్‌లో గ్యాస్ పనివారి అధికారిక జాబితాలో) ఉన్న ఇంజినీరు చేత ఒకసారి పరీక్ష చేయించండి. కారవాన్లలో ఎల్పీజీ పని చేసే అర్హత ఆయనకు ఉందో లేదో గుర్తింపు కార్డు వెనుక రాసి ఉంటుంది.

ప్రశ్న: రాత్రి చలికి కాసేపు స్టవ్ వెలిగించి, కారవాన్ లోపల వెచ్చబడ్డాక పడుకోవచ్చా?

జవాబు: వద్దు. స్టవ్ వంటకే. గాలి చాలక గ్యాస్ సగం సగం మండితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది, దానికి రంగూ వాసనా ఉండవు. మీకు తెలిసిన గ్యాస్ వాసన లీకును పట్టుకోవడానికి కలిపినది, ఈ విషవాయువును పట్టించదు. బయటి డేరాలో కుంపటి పెట్టడం కూడా ఇంతే ప్రమాదం, బొగ్గులు ఆరినట్లు కనిపించినా సరే. కారవాన్లకు, పడవలకు ఉద్దేశించిన ఇఎన్ 50291-2 ప్రమాణం గల కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి పెట్టండి. ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, వికారం, మత్తు వచ్చి, బయటికి వెళ్లగానే తగ్గితే జలుబని సరిపెట్టుకోకండి. ముందు పిల్లలను బయటికి తీసుకుపోండి, తలుపులు తెరిచి ఉంచి, బండ దగ్గర వాల్వు మూసి, అత్యవసర సేవల నంబరు 999కి ఫోన్ చేయండి.