చిరంజీవి శ్రావణికి

కావలి

పెదనాన్న ఆశీస్సులు.

డ్రోసోఫిలా ఈగల్లో వార్ధక్యంపై పరిశోధనకు బెంగళూరులో నీకు సీటు వచ్చిందని మీ నాన్న చెప్పినప్పటి నుంచి నాకు సంతోషమూ దిగులూ కలిసి నిద్ర పట్టడం లేదు. ఈగల మీద చదువేమిటని అడిగే బంధువులకు, ఉలవపాడు తోటల్లో మామిడికాయను పొడిచి గుడ్లు పెట్టే పండు ఈగ వేరనీ, నీది మగ్గిన అరటిపండు చుట్టూ ముసిరే ఎర్రకళ్ళ చిన్న ఈగ అనీ, అది 25 డిగ్రీల వేడిలో దాదాపు పది రోజులకు గుడ్డు నుంచి ఈగై, రెండు మూడు నెలల్లో ఆయువు ముగిస్తుంది కనుకనే ముసలితనాన్ని చదవడానికి అనువైనదనీ నేనే చెబుతున్నాను.

సీసాల్లో మేత రెండు మూడు రోజులకొకసారి మార్చు. చల్లదనంలో ఈగ ఎక్కువకాలం బ్రతుకుతుంది కనుక ఇంక్యుబేటర్ వేడిని రోజూ రాసిపెట్టు. జత కట్టిన ఆడ ఈగకు ఆయువు తగ్గుతుంది కనుక జత కట్టనివాటితో కలిపి లెక్కించకు. మేత మార్చేటప్పుడు ఎగిరిపోయినదాన్ని చచ్చినవాటిలో వేయకు.

నా అసలు భయం వేరే ఉంది. సర్2 అనే జన్యువును ఎక్కువగా పనిచేయిస్తే ఈగల ఆయువు పెరుగుతుందని 2004లో ప్రకటించారు. ఆ ఈగలు మామూలు ఈగలకన్నా ఎక్కువకాలం బ్రతికిన మాట నిజమే కానీ, తగిన కంట్రోల్ ఈగల, అంటే ఆ ఒక్క జన్యువు మార్పు తప్ప తక్కినదంతా ఒకేలా ఉండే పోలిక ఈగల, పక్కన పెట్టి చూస్తే తేడా నిలవలేదని 2011లో నేచర్ పత్రికలో మరికొందరు చూపారు. మాగాణిలో వేసిన మొలగొలుకులనూ మెట్టలో వేసిన మరో వంగడాన్నీ పోల్చి, దిగుబడి తేడా అంతా విత్తనానిదేనంటే మన రైతు ఒప్పుకుంటాడా? జన్యువు మార్చిన ఈగలదొక వంశం, మార్చనివాటిదొక వంశం అయితే, ఆయువులో వచ్చిన తేడా దేనివల్లో ఎవరూ చెప్పలేరు. అందుచేత నీ ఈగలను తరాల తరబడి కంట్రోల్ వంశంతోనే సంకరపరచి, రెండు గుంపులకూ తక్కిన జన్యువులన్నీ దాదాపు ఒకటే అయ్యాకనే లెక్క మొదలుపెట్టు. తల్లి గుడ్డు ద్వారా పిల్లలకు చేరే వోల్బాకియా అనే బాక్టీరియా ఒక గుంపులో ఉండి మరో గుంపులో లేకపోయినా లెక్క చెడుతుంది. టెట్రాసైక్లిన్‌తో దాన్ని పోగొట్టి, ఆ మందు ప్రభావం తీరేదాకా కొన్ని తరాలు ఆగు. ఏడాది వృథా అవుతుందని గునుస్తావు, నాకు తెలుసు. నీకు తొందర ఎక్కువ, అది మానుకో.

మా కాలేజీలో పిల్లలు రికార్డులో ఎర్రకళ్ళవి మూడుకు తెల్లకళ్ళవి ఒకటి అని ముందే రాసుకుని, ఆ తరువాత ఈగలను లెక్కపెట్టేవారు. చిన్నపిల్లవైన నువ్వు ఆ బల్ల దగ్గరే నిలబడి, భూతద్దంలో చూసి, తెల్లకళ్ళ ఈగలన్నిటికీ పొట్ట చివర నల్లగా ఉందేమని అడిగావు. అవన్నీ మగవని, 1910లో జన్యుశాస్త్రవేత్త మోర్గాన్ గమనించినది అదేనని నీకెవరూ చెప్పలేదు తల్లీ, నీ కళ్ళతో నువ్వే చూశావు. ఆ చూపు మీదే నాకు నమ్మకం.

ఈగలకు ఆదివారమూ సంక్రాంతీ లేవు కనుక, మేత మార్చే పనికి తోటివారితో వంతులు వేసుకో, వేళకు అన్నం తిను. మొదటి ఫలితాలు వచ్చినప్పుడు గ్రాఫ్ కన్నా ముందు, రెండు గుంపుల ఈగలూ ఏ వంశం నుంచి వచ్చాయో, ఎన్ని తరాలు సంకరపరచావో రాసి పంపు.

మీ పెదనాన్న