సిటీ నుంచి పల్లెకి మారుతున్నాం. తుఫాన్లు, వరదల కోసం ఎమర్జెన్సీ కిట్‌లో ఏమేం పెట్టుకోవాలి?

టార్చి, బ్యాటరీలు, ఓ రేడియో, మందులు పెట్టుకోండి, మంచిదే. కానీ పల్లెలో పుట్టి పెరిగిన మనిషిగా నేను ముందు అడిగేది, మీ వీధిలో ఎవరింట్లో ఎవరున్నారో కనుక్కున్నారా అని.

మా ఊళ్లో ఓసారి రాత్రంతా గాలివాన. తెల్లారేసరికి కరెంటు స్తంభాలు ఒరిగిపోయాయి, రోడ్డుకి అడ్డంగా చెట్లు. మధ్యాహ్నానికి ఫోన్లలో సిగ్నల్ కూడా పోయింది. అయినా గొడ్డళ్లు, రంపాలు, తాళ్లు పట్టుకుని ఎవరికి వాళ్లే వచ్చేశారు. ముందు ఎటువైపు దారి తీయాలన్న చర్చే రాలేదు. వీధి చివరి ఇంట్లో నెలలు నిండిన అమ్మాయి ఉందని అందరికీ తెలుసు.

మా పక్కింటి పెద్దమ్మది ఇన్సులిన్ మీద నడిచే ఒళ్లు. ఫ్రిజ్ ఆగిపోయేసరికి ఆవిడకి ఒకటే టెన్షన్. మా అమ్మ వెడల్పాటి మట్టికుండలో కొంచెం నీళ్లు పోసి, మధ్యలో చిన్న గిన్నె నిలబెట్టి, మందు సీసాని ప్లాస్టిక్ కవర్లో చుట్టి అందులో పెట్టింది. పైన తడిగుడ్డ కప్పి, ఆరినప్పుడల్లా తడుపుతూ వచ్చింది. వాడకంలో ఉన్న ఇన్సులిన్ చాలా రకాలు 30 డిగ్రీలు దాటకపోతే సుమారు 4 వారాలు పాడవవు. ఆ మాత్రం చల్లదనానికి కుండ చాలు.

నీళ్ల సంగతి తలుచుకుంటే మాత్రం ఒళ్లు మండుతుంది. ఇంటింటికీ మోటారు బోర్లే, కరెంటు లేకపోతే చుక్క రాదు. ఆ రోజు ఊరంతటికీ దిక్కయింది ఒకే ఒక్క గిలక బావి. అదైనా ఓ పెద్దాయన పూడ్చనివ్వనని మొండికేస్తే మిగిలింది. ఉన్న బావులు పూడ్చేసి, చేతిపంపుల్ని తుప్పుకి వదిలేసి, ఊరు బాగుపడిందంటారు!

మనుషులు ఒకరికొకరు తెలిసి ఉండటం ఎక్కడైనా పనిచేస్తుంది. 1995 జనవరి 17 తెల్లవారుజామున జపాన్‌లో కోబె భూకంపం వచ్చింది. భూకంప కేంద్రానికి దగ్గర్లో, అవాజి దీవి మీద హోకుదాన్ అనే చిన్న ఊళ్లో వందల మంది కూలిన ఇళ్ల కింద చిక్కుకున్నారు. ఏ ఇంట్లో ముసలమ్మ ఏ గదిలో పడుకుంటుందో ఇరుగుపొరుగుకి తెలుసు. వెతుకుతూ కూర్చోకుండా సరిగ్గా అక్కడే తవ్వారు. సాయంత్రానికల్లా ఊళ్లో అందరి ఆచూకీ తెలిసిపోయింది.

అందుకని ఇల్లు మారగానే ఎత్తు గోడ కట్టకండి. నిచ్చెనో పారో కావాలంటే ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టకుండా పక్కింట్లో అడగండి, మీ దగ్గరున్నది వాళ్లకివ్వండి. మంచం మీద ఉన్నవాళ్లు ఏ ఇంట్లో ఉన్నారో, చంటిపిల్లలు ఎక్కడున్నారో తెలుసుకోండి. మీ ఇంట్లో ఎవరైనా రోజూ మందులు వేసుకునేవాళ్లుంటే ఆ సంగతి పక్కవాళ్లకి ముందే చెప్పి ఉంచండి, వానాకాలం మొదలవకముందే.