దూలం కొనేముందు మామను పిలువు బిడ్డా

బిడ్డా,

ములుగు రోడ్డు స్థలంలో దుంగలతో ఇల్లు కడుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. సంతోషమైంది, ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. 40 ఏళ్లు రంపం పట్టినవాడి ఇంట్లో సిమెంట్ వద్దు, కట్టె కావాలన్నది నువ్వొక్కదానివే. స్థలం కొన్న ఇన్నాళ్లకు కూడా మామ గుర్తుకు రాలేదా అని కోపం ఉంది, అది తర్వాత.

సిమెంట్ ఇంటికన్నా కట్టె ఇల్లైతే గాలిలోకి కార్బన్ తక్కువ పోతుందని నువ్వు పంపిన లెక్కలు చదివాను, తప్పు లేదు. ఎండు కట్టె బరువులో దాదాపు సగం కార్బనే, అంటే కిలో కట్టెలో చెట్టు గాలిలోంచి పీల్చిన 1.8 కిలోల కార్బన్ డయాక్సైడ్ దాగి ఉన్నట్టు. సిమెంట్‌కైతే సున్నపురాయిని 1450 డిగ్రీల దాకా కాల్చాలి, బొగ్గు పొగ ఒక పక్క, రాయిలోంచి వెలువడేది ఇంకో పక్క. అంతా నిజమే. కానీ ఆ కార్బన్ దూలం నిలిచినన్నాళ్లే దూలంలో ఉంటుంది. ఈ సంగతి నాకు పుస్తకం చెప్పలేదు.

1992లో పరకాల దగ్గర మన ఊళ్లో రెండు అర్రలు కొత్తగా వేశాను. డబ్బు తక్కువ, తొందర ఎక్కువ. ఒక రైతు గట్టు మీది టేకు చెట్లు అమ్ముతుంటే కొన్నాను, పదిహేనేళ్లు కూడా నిండని చెట్లు. కోసి చూస్తే నడుమ చేవ పిడికెడు, చుట్టూ అంతా తెల్ల కట్టె. మా నాయిన దుంగ చివర గోటితో గీకి, "ఇది ఇంటికి పనికిరాదురా, పందిరికి పెట్టుకో" అన్నాడు. టేకుకు పురుగేందని నవ్వాను. టేకుకు పేరు తెచ్చింది లోపలి చేవ, బయటి తెల్ల కట్టెలో పిండి పదార్థం ఉంటుంది, పుచ్చు పురుగుకు అదే అన్నం. వడ్రంగి పని చేసేవాడికి ఆ మాత్రం తెలియక కాదు, చేతిలో పైసలు లేక తెలియనట్టు నటించాను.

రెండేళ్లకు మీ అమ్మ కాన్పుకు వచ్చింది. ఆ దూలానికే నీ తొట్టెల కట్టాం. పొద్దున లేచేసరికి నీ చెంపల మీద సన్నటి పిండి. పెంకుల దుమ్మనుకుని మీ అమ్మ రోజూ తుడిచేది, నేనూ పెంకుల దుమ్మే అన్నాను. వారం తర్వాత ఎందుకో ఉలి తీసి గుచ్చితే సగం దాకా దిగింది. నా అరుపుకు నువ్వు లేచి ఏడ్చావు. తొట్టెల తీసి వేపచెట్టుకు కట్టాం, ఆ నెలంతా మీ అమ్మ నాతో సరిగా మాట్లాడలేదు. ఇప్పటికీ నువ్వు ఏ ఇంట్లో కూర్చున్నా నా చూపు ముందు పైకి పోతుంది.

ఆ కట్టెనంతా చలికాలంలో కాగు కింద పెట్టి నీళ్లు కాచుకున్నాం. చెట్టు అన్నేళ్లు పీల్చింది ఒక్క చలికాలంలో గాలికి పోయింది, పైగా దాని జాగాలో సిమెంట్ స్లాబు పోశాం. పక్కనే మా తాత ఎత్తిన దూలాలు ఇంకా రాయిలా ఉన్నాయి.

అందుకే చేవ కర్రే కొను. పాత ఇళ్లు విప్పేచోట టేకు దొరుకుతుంది, ఎప్పుడో ఆరిన కట్టె, దానికోసం కొత్తగా చెట్టు కొట్టే పని లేదు, మేకులు పీకే ఓపిక ఉంటే చాలు. కొత్తదైతే మీటరు పెట్టి తేమ 15 శాతం లోపుంటేనే తీసుకో. తెల్ల కట్టె తప్పనిచోట బోరాక్స్, బోరిక్ ఆసిడ్ కలిపిన నీళ్లు పట్టించు, వానకు కడుక్కుపోతుంది కాబట్టి లోపలి కట్టెకే. చెట్టు కొట్టడానికీ లారీలో తేవడానికీ అటవీ శాఖ కాగితాలు ముందే తీసుకో. పునాది రాతిది, నేలకు రెండడుగుల ఎత్తు, చూరు బాగా బయటికి.

ఇంకొకటి. దుంగ మీద దుంగ పేర్చే గోడ చలి దేశాలది, చెట్లు నిటారుగా పెరిగే చోటిది. ఆరేకొద్దీ కుంగుతుంది, కిటికీల పైన సందు వదలకపోతే తలుపులు పట్టేస్తాయి. నిలువు మొగురాలు, దూలాలు కట్టెవి పెట్టి గోడలు మట్టితో వేస్తే తక్కువ కట్టెతో అయిపోతుంది కదా. నువ్వు వినవు, మీ అమ్మ పోలిక.

దసరాకు వస్తాను, ఉలి తెచ్చుకుంటాను, ప్రతి దుంగా గుచ్చి చూడాలి. అప్పటిదాకా సామిల్ వాడికి అడ్వాన్స్ ఇయ్యకు. ఇచ్చేసి ఉంటే దాచకు, తిట్టను.

మీ మామ