డిస్కు కొనఊపిరితో ఉన్నప్పుడు ఎఫ్‌ఎస్‌సీకే జోలికి పోకండి

పాత హార్డ్ డిస్కులో ఫోల్డర్ తెరిస్తే ఇన్‌పుట్ అవుట్‌పుట్ ఎర్రర్ వస్తోంది, లినక్స్‌లో ఫైల్ సిస్టమ్ లోపాలు వెతికి సరిదిద్దే ఎఫ్‌ఎస్‌సీకే (fsck) నడిపితే బాగవుతుందా అని ఒకరు అడిగారు. నడపకండి. నడిపి చెడినవాణ్ణి కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నా.

మా పాప నాలుగేళ్ల ఫొటోలు ఒక 1 టీబీ డిస్కులో ఉండేవి. ఎర్రర్లు కనబడగానే ఎక్కడో చదివిన సలహా పట్టుకుని, ఎఫ్‌ఎస్‌సీకేకి మైనస్ వై తగిలించి భోజనానికి వెళ్లా. తిరిగొచ్చేసరికి అది అడగాల్సిన ప్రతి ప్రశ్నకీ నా తరఫున సరే అనేసుకుంది. ఫొటోల ఫోల్డర్ లేదు. దిక్కులేని ఫైళ్లని అది పడేసే లాస్ట్ ప్లస్ ఫౌండ్ ఫోల్డర్‌లో పేర్ల బదులు అంకెలున్న ఫైళ్ల గుట్ట ఉంది. మంచాన పడ్డ మనిషిని లేపి ఇల్లంతా సర్దమన్నట్టు, చదవడానికే ఓపిక లేని డిస్కు మీద రాతలు రాయించా మరి.

అప్పుడు తీరిగ్గా, డిస్కు ఆరోగ్యం లెక్కలు చూపించే స్మార్ట్‌సీటీఎల్ (smartctl) నడిపి చూశా. 197వ నంబరు, అంటే కరెంట్ పెండింగ్ సెక్టర్ (డిస్కు చదవలేక పక్కన పెట్టిన గడుల లెక్క), సున్నా ఉండాల్సింది వందల్లో ఉంది. పైన ఆరోగ్యం దగ్గర మాత్రం నిక్షేపంలా 'పాస్డ్' అని! ఆ ఒక్క ముక్క నమ్మి మునిగినవాళ్లే ఎక్కువని నా అభిప్రాయం.

చివరికి నన్ను ఒడ్డున పడేసింది గ్నూ డీడీరెస్క్యూ (ddrescue), పాడవుతున్న డిస్కుని ఇంకోచోటికి ఇమేజ్‌గా, అంటే మొత్తం ఒకే ఫైల్‌గా, కాపీ చేసే ప్రోగ్రామ్. డెబియన్‌లో ప్యాకేజీ పేరు జీడీడీరెస్క్యూ, కమాండ్ డీడీరెస్క్యూ, మధ్యలో అండర్‌స్కోర్ ఉన్న డీడీ_రెస్క్యూ పూర్తిగా వేరే ప్రోగ్రామ్. కంగారులో ఉన్నవాడికి ఈ పేర్ల పొడుపుకథ అవసరమా? అక్కడా ఓ తప్పు చేశా: ఎంతవరకు కాపీ అయిందో రాసుకునే మ్యాప్ ఫైల్ ఇవ్వలేదు. రాత్రంతా నడిచి, తెల్లారేసరికి యూఎస్‌బీ అడాప్టర్ ఊడిపోయి ఉంది. ఎక్కడిదాకా వచ్చిందో దానికీ తెలీదు, నాకూ తెలీదు. మళ్లీ మొదటినుంచి. మ్యాప్ ఫైల్ ఉంటే అదే కమాండ్ మళ్లీ కొట్టగానే ఆగినచోటి నుంచి అందుకుంటుంది. ఇంకో మాట, తిరిగి తగిలించాక లినక్స్ ఆ డిస్కుకి పెట్టిన పేరు ఎస్‌డీబీ కాస్తా ఎస్‌డీసీ అయి కూర్చుంది. డిస్కుల జాబితా చూపే ఎల్‌ఎస్‌బీఎల్‌కే (lsblk) చూడకుండా ఎంటర్ కొట్టి ఉంటే ఇంకో డిస్కు గోవిందా.

ముందు డీడీరెస్క్యూని మైనస్ ఎన్‌తో నడిపి తేలిగ్గా వచ్చేదంతా లాగండి, తర్వాత మైనస్ ఆర్ 3తో మొండి సెక్టర్ల పని పట్టండి. ఇమేజ్‌ని రీడ్ ఓన్లీగా (చదవడానికి మాత్రమే) మౌంట్ చేసి తెరవండి. ఫైల్ సిస్టమ్ ఎక్స్‌ట్ 4 అయితే నోలోడ్ అనే ఆప్షన్ కూడా ఇవ్వండి, లేదంటే జర్నల్‌ని (పూర్తికాని రాతల చిట్టాని) మళ్లీ నడిపేస్తుంది. నావి చాలా ఫొటోలు దక్కాయి. పేర్లు పోయినా లోపల ఎగ్జిఫ్ తేదీలు (కెమెరా ఫొటోలో రాసిపెట్టినవి) ఉండబట్టి వరుసలో పెట్టుకోగలిగా.

డిస్కు టక్ టక్‌మంటూ అసలు కనబడకపోతే మాత్రం ఇవేవీ పనిచేయవు, పవర్ తీసేసి రికవరీ ల్యాబ్‌కి ఇవ్వండి. ఫ్రిజ్‌లో పెట్టమనే మహానుభావులు తగులుతారు. తేమ పట్టి ఉన్నదీ పోతుంది.

ఎఫ్‌ఎస్‌సీకే మీద మనసు అంతగా లాగుతుంటే, ఇమేజ్‌కి ఇంకో కాపీ తీసి దాని మీద నడుపుకోండి.