అల్జీమర్స్ ఉన్నవారి కోసం సంరక్షణ కేంద్రాన్ని సాయంత్రం పూట వెళ్లి చూడండి

అల్జీమర్స్ ఉన్న మీ నాన్నగారిని ఇక ఇంట్లో చూసుకోలేకపోతున్నామని, మంచి సంరక్షణ కేంద్రాన్ని ఎలా ఎంచుకోవాలో చెప్పమని అడిగారు. మా అమ్మను రెండు కేంద్రాల్లో ఉంచిన అనుభవం నాకుంది. మొదటిసారి నేను చేసిన పొరపాటు మీరు చేయకూడదని ఇది రాస్తున్నాను.

మొదటి కేంద్రానికి ముందుగా ఫోన్ చేసి, ఉదయం పదకొండు గంటలకు వెళ్లాను. గదులు శుభ్రంగా ఉన్నాయి, సిబ్బంది ఆప్యాయంగా పలకరించారు, నేను సంతకం చేసి వచ్చేశాను. ఈ జబ్బులో చాలామందికి పొద్దు వాలే వేళకు కంగారు, అనుమానం, ఇంటికి పోతానన్న పంతం ఎక్కువవుతాయని తెలిసి కూడా, ఆ వేళలో అక్కడ ఎలా ఉంటుందో చూడాలని నాకు తోచలేదు. నెల తిరక్కముందే అమ్మ పగలంతా మగతలో ఉండటం చూసి నిలదీస్తే, సాయంత్రాలు గొడవ చేస్తోందని మాకు చెప్పకుండానే మందు మొదలుపెట్టారని తెలిసింది. డిమెన్షియా (అల్జీమర్స్ వంటి మతిమరుపు జబ్బులు) ఉన్న వృద్ధులలో, ఇలా గొడవ తగ్గించడానికి వాడే యాంటీసైకోటిక్ అనే మానసిక జబ్బుల మందులు మరణం ముప్పును పెంచుతాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లోనే హెచ్చరించింది. అవి తప్పనిసరయ్యే సందర్భాలూ ఉంటాయి గనుక, అటువంటి మందును ఎవరు నిర్ణయిస్తారో, మీకు ఎప్పుడు చెబుతారో, ఎన్నాళ్లకు తిరిగి పరిశీలిస్తారో చేర్చకముందే అడగండి.

రెండో కేంద్రంలో సాయంత్రం ఆరింటికి వెళ్లి హాల్లో గంటసేపు కూర్చున్నాను. ఒక పెద్దాయన చేతిసంచితో తలుపు దగ్గర నిలబడి, బడికి ఆలస్యమవుతోంది, తలుపు తీయమంటున్నారు. అక్కడి ఆయా ఆయన మాటను దిద్దలేదు. "ఏ తరగతికి చెబుతారు మాస్టారూ?" అంటూ పక్కనే నడిచింది. వరండా ఎక్కడా ఆగిపోకుండా చుట్టూ తిరిగి మొదటి చోటికే వస్తుంది. రెండు చుట్లు పూర్తయ్యేసరికి ఆయన సంచి ఆమె చేతికిచ్చి కుర్చీలో కూర్చున్నారు. ఆ కేంద్రంలో గోడలకు రంగు వెలిసింది, గదులు చిన్నవి, అయినా అమ్మను అక్కడే చేర్చాను.

రాత్రిపూట ఎంతమందికి ఎందరు సిబ్బంది ఉంటారో, ఆయాలు ఎన్నేళ్లుగా పనిచేస్తున్నారో తప్పక కనుక్కోండి, ఎందుకంటే నెలకో కొత్త ముఖం ఈ జబ్బు ఉన్నవారిని బెదరగొడుతుంది. ఒక్కసారిగా అయోమయం పెరిగితే ఏం చేస్తారని కూడా అడగండి. మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చినా అలా జరుగుతుంది, దాన్ని జబ్బు ముదిరిందనుకుని వదిలేసే చోట చేర్చవద్దు.

ఖర్చుల వివరాలు ఎలాగూ అడుగుతారు. అంతకంటే ముఖ్యంగా, నడవలేని, మింగలేని దశ వచ్చాక కూడా ఉంచుకుంటారో, వేరేచోటికి తీసుకెళ్లమంటారో ఒప్పందంలో రాయించుకోండి. అమ్మ మంచం పట్టాక కూడా ఆ ఆయాయే తలవైపు మంచం ఎత్తుచేసి, ఒక్కో చెంచా మింగేదాకా ఆగి, అరగంటకు పైగా ఓపికగా తినిపించేది.