బాబుకి ఏడీహెచ్‌డీ అన్నారు: ఉద్యోగం మానేయాలా, ఊళ్లో సైటు అమ్మాలా?

ప్రశ్న: మేం బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం, సొంతూరు మదనపల్లె. మా వారికి చేతికి 1,35,000, నాకు 70,000 వస్తుంది. ఇంటి లోన్ ఈఎంఐ 52,000, కారుది 14,000. పిల్లలిద్దరి స్కూల్ ఫీజు ఏడాదికి 2,30,000 దాకా అవుతుంది. ఇంటి ఖర్చు 60,000, ఊళ్లో అత్తగారికి 10,000, చీటీ 10,000, సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా వేసేది) 20,000. ఎఫ్‌డీలో 4 లక్షలున్నాయి. బాబుకి 9 ఏళ్లు. రెండు నెలల క్రితం ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం) అని చెప్పారు. థెరపీ సెంటర్ వాళ్లు వారానికి మూడు సెషన్లు, ఆరు నెలలకి 1,56,000 అన్నారు, మొత్తం ముందే కడితే 1,40,000 చాలట. స్కూల్ వాళ్లు నెలకి 20,000 పెట్టి షాడో టీచర్‌ని (క్లాసులో బాబు పక్కనే ఉండి చూసుకునే మనిషిని) పెట్టుకోమంటున్నారు. అత్తగారు నన్ను ఉద్యోగం మానేయమంటున్నారు. మా వారేమో తనూ చిన్నప్పుడు ఇంతేనని, వాడే సర్దుకుంటాడని అంటారు (ఆయన ఇప్పటికీ క్రెడిట్ కార్డు బిల్లు కట్టడం మర్చిపోతారు). ఏజెంట్ ఒకాయన ఏడాదికి 60,000 కట్టే చైల్డ్ ప్లాన్ తీసుకోమంటున్నాడు. ఊళ్లో సైటు అమ్మి బాబు పేరున డబ్బు వేద్దామా? ట్యాక్స్‌లో 80డీడీ (ఇంట్లో వైకల్యం ఉన్నవాళ్లుంటే ఇచ్చే మినహాయింపు) వస్తుందా?

జవాబు: సైటు అమ్మొద్దు. ఉద్యోగం మానొద్దు. ఈ నెలలో మాత్రం ఎవరు ఏ కాగితం తెచ్చినా సంతకం పెట్టొద్దండీ, ప్యాకేజీ అయినా సరే, పాలసీ అయినా సరే. రెండు నెలల క్రితమే విన్న మాట కదా, ఇంకా ఆ టెన్షన్‌లోనే ఉన్నారని మీ ఉత్తరం చదివితేనే తెలుస్తోంది, ఆ టెన్షన్‌లో ఉన్నవాళ్ల చేత పెద్ద చెక్కులు రాయించడం చాలా తేలిక.

మీరు అడిగిన ప్రశ్నలన్నిటి కింద ఒక భయం ఉంది: వాడు రేపు తన కాళ్ల మీద తను నిలబడగలడా అని. అందుకే సైటు, అందుకే చైల్డ్ ప్లాన్. కానీ ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల్లో ఎక్కువమంది చదువుకుంటారు, ఉద్యోగాలు చేస్తారు, పెళ్లిళ్లు చేసుకుంటారు. సరైన వయసులో సరైన సాయం అందితే ఇంకా బాగా చేస్తారు. జీవితాంతం ఎవరో ఒకరు చూసుకోవాల్సిన పిల్లల కోసం తల్లిదండ్రులు పెద్ద నిధి కూడబెడతారు, అది వేరే ప్లానింగ్. మీకు కావాల్సింది వచ్చే కొన్నేళ్లు నెలనెలా ఆగకుండా కట్టగలిగే ఓ మోస్తరు మొత్తం, అంతే. నెలవారీ ఖర్చుకి ఆస్తి అమ్మకూడదు, నెలవారీ ఆదాయాన్ని కాపాడుకోవాలి. మీ ఇంట్లో ఆ ఆదాయంలో మూడో వంతు మీ జీతమే.

లెక్క చూడండి. స్కూల్ ఫీజు నెలకి 19,000 అనుకుంటే మీ ఖర్చు మొత్తం 1,85,000. ఇద్దరి జీతం 2,05,000. మిగిలేది 20,000. మీరు మానేస్తే నెలకి 50,000 తక్కువ పడుతుంది. సిప్ పూర్తిగా ఆపేసి, చీటీ కూడా ఎవరికో అప్పజెప్పినా (మధ్యలో వదిలించుకోవడం అంత సులువు కాదని మీకు తెలుసు) ఇంకా 20,000 లోటే. అప్పటికి థెరపీకి ఒక్క రూపాయి కూడా తీయలేదు! అంటే బాబు కోసం ఉద్యోగం మానేస్తే, బాబుకి పెట్టాల్సిన డబ్బే ఉండదు. ఇంకో సంగతి, మీరు ఇంట్లో లేకపోవడం వల్ల వాడికి ఇది రాలేదు. ఇది పుట్టుకతో మెదడు ఎదిగే తీరులో వచ్చే తేడా, వంశపారంపర్యంగా వచ్చే అవకాశం చాలా ఎక్కువ. మీ అత్తగారికి ఈ మాట మీ వారు చెప్పాలి, మీరు కాదు.

వాడికి మీరు రోజంతా అక్కర్లేదు, సాయంత్రం నాలుగున్నర నుంచి ఏడు దాకా పక్కన ఒక మనిషి కావాలి. ఆ రెండున్నర గంటలు ఎలా ఉంటాయో మీకు నేను చెప్పాలా? ఒక లెక్క చేయడానికి మూడుసార్లు లేస్తాడు, పెన్సిల్ ముల్లు విరుగుతుంది, రబ్బరు సోఫా కింద దొరుకుతుంది, అది తీయబోయి పాత కారు బొమ్మ దొరికితే ఇక హోంవర్క్ అయిపోయినట్టే. అక్కడ కూర్చుని చిరాకుపడకుండా మళ్లీ పుస్తకం వైపు తిప్పే మనిషి కావాలి, అంతే. ముందు మీ ఆఫీసులో పొద్దున్నే వెళ్లి తొందరగా వచ్చే వీలుందేమో, వారంలో రెండు రోజులు ఇంటి నుంచి పని అడగొచ్చేమో చూడండి. మీ వారూ అడగాలి. మిగతా రోజులకి మీ అపార్ట్‌మెంట్‌లోనో పక్క పీజీలోనో ఉండే డిగ్రీ పిల్ల ఎవరైనా దొరికితే 8,000 అవుతుందనుకుందాం. మీ 70,000 వదులుకోవడానికీ దీనికీ పోలికే లేదు.

ఇప్పుడు ప్యాకేజీ. ఆరు నెలలకి 78 సెషన్లు, ఒక్కోటి 2,000. ముందే కడితే 16,000 మిగులుతుందని వాళ్లు చెప్పేది. ఈ ఆరు నెలల్లో బాబుకి జ్వరం వస్తుంది, పరీక్షలుంటాయి, పండక్కి ఊరెళ్తారు. ఎనిమిది సెషన్లు పోయాయంటే ఆ డిస్కౌంట్ గల్లంతు, తొమ్మిదోది నుంచి మీ చేతి డబ్బు. పైగా ఎఫ్‌డీలో ఉన్న నాలుగు లక్షలు మీ ఇంటికి రెండు నెలలకి కాస్త ఎక్కువ, అంతే. ఐటీ ఉద్యోగాలు ఎలా ఉన్నాయో చూస్తూనే ఉన్నాం, అందులోంచి 1,40,000 తీస్తే చేతిలో నెలన్నర కూడా మిగలదు. నెలనెలా కడతామని చెప్పండి. కుదరదంటే వేరే చోటు చూసుకోండి, బెంగళూరులో చోట్లకి కొరత లేదు.

అసలు వారానికి మూడు సెషన్లు అవసరమా అన్నది నేను చెప్పేది కాదు, డాక్టర్ చెప్పాలి. అయితే డబ్బు దేనికి పెడుతున్నారో అడగడం మీ హక్కు. ఆరేళ్లు దాటిన పిల్లలకి మందులు, తల్లిదండ్రులకి శిక్షణ, క్లాసులో కొన్ని మార్పులు, ఈ మూడూ కలిపి చేయాలని వైద్యులు చెబుతారు. అమెరికాలో 579 మంది పిల్లల మీద చేసి 1999లో ప్రచురించిన ఎంటీఏ అధ్యయనంలో కూడా అసలు లక్షణాలు తగ్గడానికి జాగ్రత్తగా ఇచ్చిన మందులు ఒక్క బిహేవియర్ థెరపీ కంటే బాగా పనిచేశాయి. ప్యాకేజీతో పోలిస్తే మందుల ఖర్చు చాలా తక్కువ. మందంటే భయపడి, ఆ భయానికి లక్షలు పోసే ఇళ్లు నేను చూస్తుంటాను, బాధేస్తుంది. మీ భయాలన్నీ డాక్టర్ ముందు పెట్టండి, సెంటర్ రిసెప్షన్‌లో కాదు. మిథైల్‌ఫెనిడేట్ లాంటి మందులు కట్టుదిట్టంగా అమ్మేవి, ప్రతి మెడికల్ షాపులో దొరకవు. డాక్టర్ అది రాస్తే మందు అయిపోయే దాకా ఆగకుండా ముందే చూసుకోండి.

హోసూరు రోడ్డులో నిమ్హాన్స్ (మానసిక, నరాల వైద్యానికి ప్రభుత్వ ఆసుపత్రి) ఉంది కదా, అక్కడ పిల్లల మానసిక వైద్యానికి ప్రత్యేక విభాగమే ఉంది. రాయలసీమ నుంచి రాత్రి బస్సెక్కి అక్కడికి వచ్చేవాళ్లున్నారు, మీరు ఊళ్లోనే ఉండి వాడుకోకపోతే ఎలా? ఖర్చు పెద్దగా ఉండదు, టైమే పడుతుంది. ఒక రోజు ఇద్దరూ సెలవు పెట్టి పొద్దున్నే వెళ్లండి. రెండో అభిప్రాయం తీసుకోండి, చదవడం రాయడంలో కూడా ఇబ్బంది ఉందేమో, అంటే లెర్నింగ్ డిజబిలిటీ కూడా ఉందేమో చూడమనండి, ఏడీహెచ్‌డీతో పాటు అది చాలామంది పిల్లల్లో ఉంటుంది. బయట సైకాలజిస్టు దగ్గరికి వెళ్తే ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ నంబరు అడగండి, అడగడానికి మొహమాటం వద్దు.

ట్యాక్స్ సంగతి కూడా ఇక్కడే చెబుతాను. 80డీడీ కింద వైకల్యం కనీసం 40 శాతం ఉంటే 75,000, కనీసం 80 శాతం ఉంటే 1,25,000 ఆదాయంలోంచి తగ్గించుకోవచ్చు, అదీ పాత పన్ను విధానంలోనే. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల్లో ఏడీహెచ్‌డీ పేరు విడిగా లేదు. కాబట్టి ఒక్క ఏడీహెచ్‌డీ రిపోర్టు చూపించి 80డీడీ క్లెయిమ్ చేయొద్దు, ఎవరు చేయిస్తామన్నా సరే, రేపు నోటీసు మీ పేరున వస్తుంది. కొన్ని జబ్బుల వైద్యం ఖర్చుకి మినహాయింపు ఇచ్చే 80డీడీబీలో కూడా ఏడీహెచ్‌డీ లేదు. లెర్నింగ్ డిజబిలిటీ ఆ 21లో ఉంది, 8 ఏళ్లు నిండాక ప్రభుత్వాసుపత్రిలో సర్టిఫికెట్ ఇస్తారు. దాని అసలు ఉపయోగం ట్యాక్స్‌లో కాదు, బోర్డు పరీక్షల్లో అదనపు సమయం దగ్గర.

ఇన్సూరెన్స్‌లో మాత్రం మీకు హక్కు ఉంది. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం శరీర జబ్బులకి ఎలా ఇస్తారో మానసిక సమస్యలకీ అలాగే ఇవ్వాలి. కానీ మామూలు పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే ఇస్తాయి, థెరపీ బిల్లులకి ఇవ్వవు. ఇద్దరూ హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టి ఓపీడీ (ఆసుపత్రిలో చేరకుండా చూపించుకునే ఖర్చు) పరిమితి, కౌన్సెలింగ్ సదుపాయం ఉన్నాయేమో కనుక్కోండి. చాలా కంపెనీల్లో ఉంటాయి, ఎవరూ వాడరు. కంపెనీ పాలసీ కాకుండా సొంతంగా ఒక ఫ్యామిలీ పాలసీ కూడా ఇప్పుడే తీసుకోండి, 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత పాలసీల ప్రీమియం మీద జీఎస్టీ లేదు. ఫారంలో ఏడీహెచ్‌డీ దాచొద్దు. ముందే ఉన్న సమస్యకి మూడేళ్ల దాకా ఆగమంటారేమో, ఆగుదాం.

చైల్డ్ ప్లాన్ వద్దు. ఆ 60,000లో చాలా తక్కువతో మీ ఇద్దరికీ మంచి టర్మ్ పాలసీలు (మనిషి పోతేనే ఇంటికి డబ్బు ఇచ్చే బీమా) వస్తాయి, పిల్లలకి అసలు రక్షణ అదే. మీ వారిది తీసుకునేటప్పుడు ఎండబ్ల్యూపీ (వివాహిత మహిళల ఆస్తి) చట్టం కింద తీసుకోమనండి, అప్పులవాళ్లు ఎవరూ ఆ డబ్బు ముట్టుకోలేరు, మీకూ పిల్లలకే వస్తుంది. ఇది పాలసీ తీసుకునే రోజే చేయాలి, తర్వాత కుదరదు.

ఇక మీరు బ్రాకెట్‌లో పెట్టి వదిలేసిన సంగతి. నాకు అదే ముఖ్యం అనిపించింది. చిన్నప్పుడు వాడిలాగే ఉండేవారు, ఇప్పుడు బిల్లులు మర్చిపోతారు అంటే ఆయనకి కూడా ఉండొచ్చేమో, చాలా ఇళ్లలో పిల్లాడి రిపోర్టు చేతికొచ్చాకే తండ్రి సంగతీ బయటపడుతుంది. నిమ్హాన్స్‌కి వెళ్లిన రోజే ఆయన గురించి కూడా అడగండి, పెద్దవాళ్లకీ వైద్యం ఉంది. ఈలోగా పోట్లాడుకోవద్దు, ఆయన గుర్తుపెట్టుకోవాల్సిన అవసరమే లేకుండా చేద్దాం. చాలా కార్డుల్లో బకాయి మీద వడ్డీ ఏడాదికి 40 శాతం దాటుతుంది, మతిమరుపుకి అంత కట్టడం దేనికి! కార్డుకి ఆటోపే పెట్టండి, కనీస మొత్తానికి కాదు, మొత్తం బిల్లుకి. కరెంటు, ఫోను, ఈఎంఐలు అన్నీ జీతం పడిన రెండు మూడు రోజుల్లోనే కట్ అయ్యేలా ఒకే ఖాతాకి తెచ్చుకోండి. నెల ఖర్చుకి విడిగా ఒక చిన్న ఖాతా, దానికే యూపీఐ. ఆయన ఫోనులో షాపింగ్ యాప్‌లలో దాచిన కార్డు వివరాలు తీసేయండి, కొనాలంటే లేచి పర్సు తెచ్చుకోవాలి, ఆ కాస్త ఆలస్యమే చాలా కొనుగోళ్లని ఆపుతుంది. బాబు ఆడే గేములున్న ఫోనులో అసలే ఉండకూడదు.

ఇంకొకటి, ఇంటి బడ్జెట్‌లో నెలకి 1,500 పోగొట్టుకునే వస్తువులకని పెట్టేయండి. వాటర్ బాటిల్, టిఫిన్ బాక్సు మూత, స్వెటర్, స్కేలు. అవెన్యూ రోడ్డుకి వెళ్లి పెన్సిళ్లు, రబ్బర్లు డజన్ల లెక్కన తెచ్చి పెట్టుకోండి. ఎలాగూ అయ్యే ఖర్చే, కానీ ముందే రాసి పెట్టుకుంటే ప్రతిసారీ ఇల్లు దద్దరిల్లదు. అలాగే ఫస్ట్ ర్యాంకు వస్తే సైకిల్ లాంటి మాటలు ఇవ్వొద్దు, ఈ పిల్లలకి ఏప్రిల్‌లో వచ్చే సైకిల్ కంటే ఈ సాయంత్రం దొరికే చిన్న మెప్పు, పది నిమిషాల ఆట ఎక్కువ పనిచేస్తాయి. ఖర్చూ తక్కువ.

అన్నీ కలిపితే వారానికి ఒక సెషన్ 8,000, డాక్టరు మందులు 4,000 అనుకుందాం, సాయంత్రం మనిషికి 8,000, పోయే వస్తువులకి 1,500. మొత్తం 21,500. సిప్‌ని ఒక ఏడాది 10,000కి తగ్గించండి, అప్పుడు చేతిలో 30,000 ఉంటుంది, మిగిలిన 8,500 టర్మ్, హెల్త్ ప్రీమియంలకి. ఎఫ్‌డీ జోలికి వెళ్లలేదు చూశారా. డాక్టర్ ఎక్కువ సెషన్లు కావాలంటే సిప్ ఇంకాస్త తగ్గిద్దాం, రిటైర్మెంట్‌కి మీకు ఇంకా టైముంది, వాడికి తొమ్మిదేళ్లు ఒక్కసారే వస్తాయి.

షాడో టీచర్ విషయంలో స్కూల్‌కి వెంటనే సరే అనొద్దు. డాక్టర్ చేత ఒక ఉత్తరం రాయించుకుని క్లాస్ టీచర్‌ని కలవండి: ముందు బెంచీ, కిటికీకి దూరంగా, ఒకసారి ఒకే పని చెప్పడం, హోంవర్క్ కాస్త తగ్గించడం, మధ్యలో లేచి తిరిగేందుకు వీలు. వీటికి డబ్బు అక్కర్లేదు. మూడు నెలలు ఇది జరిగాక కూడా మనిషి కావాలని డాక్టరే అంటే మళ్లీ రాయండి, ఆ 20,000 ఎక్కడి నుంచి తేవాలో అప్పుడు చూద్దాం.